డ్యూటీ దిగి బ్యాండు ఎక్కేవాళ్లకు: కాలు పట్టే లెక్క

పెళ్లిళ్ల సీజన్‌లో పటాన్‌చెరు, ఇస్నాపూర్, సంగారెడ్డి వైపు ఏ బరాత్ ఎదురైనా బ్యాండు వాళ్ల కాళ్ల వంక ఒకసారి చూడండి. పైన జరీ అంచు కోటు, తలమీద టోపీ, కింద మాత్రం ఒకరిద్దరికి కంపెనీ ఇచ్చిన సేఫ్టీ షూ. షిఫ్టు దిగి, గేటు బయటే బట్టలు మార్చుకుని, బండి మీద నేరుగా వచ్చినవాళ్లు వాళ్లు. పాశమైలారం, బొల్లారం కంపెనీల్లో పనిచేస్తూ సాయంత్రాలు సైడ్ డ్రమ్మో ట్రంపెటో పట్టేవాళ్లు, ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయించేవాళ్లు, ఆదివారం చర్చిలో ప్యాడ్ ముందు కూర్చునేవాళ్లు, శనివారం భజనలో డోలక్ కొట్టేవాళ్లు ఈ బెల్టులో ఊరికి కొందరు ఉన్నారు. వాళ్ల కోసమే ఈ నాలుగు మాటలు.

కొత్తగా చేరినవాళ్లను తికమక పెట్టే విషయం ఒకటుంది. ఒక మాస్టరు "కాలు కొట్టు, కాలు కొడితేనే లెక్క నిలబడుతది" అంటాడు. ఇంకో మాస్టరు "ఆ కాలు ఊకె ఎందుకు ఊపుతున్నవ్, ఆపు" అని కసురుతాడు. ఇద్దరి మాటలోనూ నిజముంది. వాయించేటప్పుడు కాలు లెక్క పట్టాల్సిందే. కానీ ఆ లెక్క మీ ఒక్కరి కోసం. జనానికి కనబడనక్కర్లేదు, మైకుకి అసలే వినబడకూడదు. అన్నిటికంటే ముఖ్యం, కాలు చేతి వెంట పరిగెత్తకూడదు. చేయే కాలి వెంట నడవాలి. ఈ ఒక్కటి పట్టుబడితే బ్యాండులో మీ స్థానానికి ఢోకా ఉండదు. ఇది పట్టుబడక ఎంత వేళ్ల చురుకున్నా రెండో సీజన్‌కి పిలుపు రాదు.

కాలితో లయ పట్టడం మన దగ్గర కొత్తగా వచ్చింది కాదు. బుర్రకథలో కథకుడు భుజాన తంబురా మోస్తూ, కాలి గజ్జెల మీదే ముందుకీ వెనక్కీ అడుగులు వేస్తూ కథ నడుపుతాడు. ఒగ్గుడోలు వాళ్లూ డప్పు వాళ్లూ అడుగు వేస్తూనే దరువు వేస్తారు. అడుగు ఆగితే దరువూ తడబడుతుంది. బొబ్బిలి దగ్గర అజ్జాడలో 1864లో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు కాలికి గజ్జె కట్టి, చేత చిరతలు పట్టి హరికథ చెప్పేవారు. రెండు కాళ్లు, రెండు చేతులు, తల, వీటితో ఒకేసారి వేర్వేరు తాళాలు చూపించిన ప్రజ్ఞ ఆయనది. 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలకు మొదటి ప్రిన్సిపాల్ కూడా ఆయనే. అంత విద్య మనకు అక్కర్లేదు. కానీ ఆయన చేసినదానిలో మనకు పనికొచ్చే పాఠం ఉంది. ఆయన కాలు చేతికి లొంగలేదు, చేయి కాలికి అడ్డం రాలేదు. ఒక్క తాళాన్ని ఒక్క కాలితో, చేతికి లొంగకుండా పట్టగలిగితే మన పని అయినట్టే.

ఫ్యాక్టరీ మనిషి కాలి దెబ్బ ప్రపంచమంతా వినబడిన సందర్భమూ ఉంది. జాన్ లీ హూకర్ అనే బ్లూస్ గాయకుడు అమెరికాలోని డెట్రాయిట్‌లో కార్ల ఫ్యాక్టరీల్లో ఊడ్చే పని చేస్తూ రాత్రిళ్లు గిటారు వాయించేవాడు. 1948లో ఆయన 'బూగీ చిల్లెన్' రికార్డు చేసినప్పుడు వెనక డ్రమ్ములు లేవు. గిటారు, గొంతు, బూటు కాలి దెబ్బ, ఇంతే. ఆ కాలికి కూడా మైకు పెట్టారు. మరుసటి ఏడు అది అక్కడి రిథమ్ అండ్ బ్లూస్ పాటల జాబితాలో మొదటి స్థానానికి వెళ్లింది. అయితే ఆయన ఒక్కడే వాయించాడన్న సంగతి మరచిపోవద్దు. ఒక్కడి కాలు వినబడితే అది వాద్యం. పదిమంది బ్యాండులో పది కాళ్లు పది రకాలుగా వినబడితే అది గోల.

ఇక పనిలోకి వద్దాం.

కుర్చీలో కూర్చుని వాయించేవాళ్లు మడమను నేలకు ఆనించి ఉంచాలి. ముందుపాదం మాత్రమే కొంచెం ఎత్తి దించాలి. వేళ్లు నేలను తాకిన క్షణం బీటు, పైకి లేచిన చోటు సగం బీటు. ఈ పైకి లేచే సగాన్ని చాలామంది పట్టించుకోరు. సినిమా పాటల్లో పల్లవి చాలాసార్లు బీటు మీద కాక బీటు దాటాక ఎత్తుకుంటారు. సంగీతం పాఠాల్లో దీన్నే అనాగత గ్రహం అంటారు. అక్కడ కాలు పైకి లేచిన చోట నోరు కదలాలి. కాలు కిందికి కొట్టడం మాత్రమే తెలిసినవాడు ఆ ఎత్తుగడ దగ్గర ప్రతిసారీ తడుముకుంటాడు.

మోకాలు ఎత్తి మొత్తం కాలితో నేలను తన్నే అలవాటుంటే మానండి. క్లారినెట్, ట్రంపెట్, సాక్సోఫోన్ వాయించేవాళ్లకు అది ఇంకా నష్టం. తొడ కదిలినప్పుడల్లా పొట్ట కదులుతుంది, పొట్ట కదిలితే ఊపిరి కుదుపుకి గురై పొడుగు స్వరం వణుకుతుంది. వాళ్లకు నేను చెప్పేది బూటు లోపల బొటనవేలు నొక్కడమే. బయటకి ఏమీ కనబడదు, లెక్క మాత్రం ఉంటుంది. సేఫ్టీ షూలో ఇది కుదరదు. ముందు భాగంలో ఉండే ఉక్కు కప్పు కింద వేలు నేలను సరిగా పట్టుకోలేదు, బూటు బరువు పాదాన్ని లాగేస్తుంది. ఎనిమిది గంటలు ఆ బూట్లలో నిలబడ్డ కాలితో మళ్లీ మూడు గంటలు లెక్క కొట్టిస్తే మోకాలి కింద ఎముక పక్కనున్న కండ పట్టేస్తుంది. సంచిలో మెత్తని కాన్వాస్ బూట్ల జత ఒకటి పెట్టుకోండి. చరణం మొదలైనప్పుడల్లా కాలు మార్చండి.

కాలు నిలకడగా ఉండాలంటే మొదట వాద్యం లేకుండా నేర్పాలి. షిఫ్టు బస్సు దిగి గదికి నడిచే దారి చాలు. ఎడమ కాలు ఒకటి, కుడి కాలు రెండు, ఇలా ఎనిమిది దాకా. ఆది తాళానికి ఎనిమిది అక్షరాలే. అడుగు మారకుండా నోటితో ఒక్కో అడుగుకి "తకధిమి" అనండి. అది నిలబడ్డాక అడుగులు అలాగే ఉంచి నోట్లో "తకిట"కి మార్చండి. అడుగు వేగం మారకూడదు, దాని మధ్య పడే అక్షరాలు మాత్రమే నాలుగు నుంచి మూడు కావాలి. మొదట్లో కాలు ఆగిపోతుంది, లేదా నోటికి సరిపడేలా వేగం మార్చుకుంటుంది. అదే మన జబ్బు. అడుగు మారనంత నెమ్మదిగా మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి. మన జానపద పాటల్లో తకిట నడ చాలా ఎక్కువ కాబట్టి ఈ ఒక్క సాధన పెళ్లి బ్యాండులో నేరుగా పనికొస్తుంది. ఆ పాటల్లో మూడు దెబ్బలకీ కాలు ఆడించవద్దు. మూడింటిలో మొదటిదాని మీద ఒక్కసారి ఆనిస్తే చాలు. తీన్మార్ వేగంలో ప్రతి దెబ్బకీ కాలు వేయబోయినవాడు రెండు నిమిషాల్లో అలసిపోయి వెనకబడతాడు.

తర్వాత వాద్యం చేతిలోకి తీసుకోండి. ఫోన్‌లో ఉచితంగా దొరికే మెట్రోనోమ్ యాప్ పెట్టుకోండి. 60తో మొదలుపెట్టండి, నిమిషానికి 60 దెబ్బలు అన్నమాట. తెలిసిన పాటే వాయించండి. వేళ్లకు కష్టమైన సంగతి వచ్చినప్పుడు కాలేం చేస్తోందో చూడండి. చాలామందికి సరిగ్గా అక్కడే కాలు ఆగుతుంది, సులువైన చోటికి రాగానే తరుముకొస్తుంది. అంటే కాలు లెక్క పెట్టడం లేదు, వేళ్లకు నీడలా తిరుగుతోంది. అలాంటి కాలిని ఎంత గట్టిగా కొట్టినా ఉపయోగం లేదు. ఆ ఒక్క సంగతినే సగం వేగానికి దించి, కాలు ఆగకుండా వచ్చేదాకా వాయించండి. వేగం పెంచడం ఆ తర్వాతి మాట.

మీ సంగతి మీకు తెలియాలంటే ఒక చిన్న పరీక్ష ఉంది. పాట మొత్తం ఫోన్‌లో రికార్డు చేయండి. మొదటి పల్లవిలో 15 సెకన్లలో ఎన్ని బీట్లు పడ్డాయో లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి. చివరి పల్లవిలోనూ అలాగే చేయండి. మొదట 30 పడితే వేగం 120. చివర 33 పడితే 132. పన్నెండు పెరిగిందంటే పాడేవాళ్ల గొంతు అందుకోలేదు, డాన్స్ చేసేవాళ్ల కాళ్లు తడబడతాయి. జనం ఊగుతున్నప్పుడు వేగం పెరగడం, అలసినప్పుడు తగ్గడం అందరిలోనూ ఉండేదే. రెండుమూడు దెబ్బల తేడా బతికున్న సంగీతంలో తప్పు కాదు. పది దాటితే మాత్రం సాధన మీద కూర్చోవాలి.

ఊరేగింపు లెక్క వేరు. అక్కడ నడకే కాలి దెబ్బ. పోలీసు, మిలటరీ బ్యాండుల్లో ఎడమ కాలు మొదటి బీటు మీద పడుతుంది, పెద్ద డ్రమ్ము దానితో కలుస్తుంది. మన బరాత్‌లో ఆ క్రమశిక్షణ సాధ్యం కాదు. పదడుగులు వేస్తే ఆగాలి, పెళ్లికొడుకు దోస్తులు అడ్డం పడి ఆడతారు, హైవే దాటేటప్పుడు లారీ హారన్లు. పైగా పాట 130లో ఉంటే ఆ వేగంతో నడిస్తే ఊరేగింపు పరుగుపందెం అవుతుంది. అందుకని రెండు బీట్లకు ఒక అడుగు వేయండి, ఒకటి మీద ఎడమ, మూడు మీద కుడి. ఆగిపోయినప్పుడు ఉన్నచోటే అవే అడుగులు ఆనించండి. ఆగినప్పుడు కాలు కూడా ఆగిపోవడం వల్లే మళ్లీ కదిలేటప్పుడు లైను చెదిరిపోతుంది.

ఇంకో సంగతి చాలామంది బ్యాండువాళ్లకు అనుభవంలో ఉన్నా కారణం తెలియదు. వెనక వరుస ఎప్పుడూ కొంచెం లాగుతున్నట్టు ముందువాళ్లకు వినబడుతుంది, తిట్లు పడుతుంటాయి. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తుంది. పెద్ద డ్రమ్ముకి 17 మీటర్ల దూరంలో ఉన్నవాడికి దెబ్బ సెకనులో 20వ వంతు ఆలస్యంగా చేరుతుంది. 120 వేగంలో ఒక బీటుకి అర సెకను. అంటే అతను విన్నదాన్ని బట్టి వాయిస్తే బీటులో పదో వంతు వెనకబడి వాయిస్తాడు. అతని వాద్యం తిరిగి డ్రమ్ము దగ్గరికి చేరేసరికి ఇంకో పదో వంతు కలుస్తుంది. అతని తప్పేమీ లేదు. చెవితో కాకుండా కంటితో పట్టుకోవడమే దీనికి మందు. పెద్ద డ్రమ్ము కర్ర దెబ్బ పడే చోటు చూడండి, ఆ చూపుతో కాలిని కలపండి. చూపుకి ఆలస్యం లేదు. ఇరుకు గల్లీలో లైను పొడుగు సాగితే మాస్టరు చేయెత్తి లెక్క చూపించాలి. పెద్ద డ్రమ్మును లైను మధ్యలో పెడితే దూరం సగమవుతుంది.

సన్నాయి మేళంలో తాళం వేయడానికే ఒక మనిషి ఉంటాడు. బ్యాండులో ఆ పని పెద్ద డ్రమ్ముది. కాబట్టి లైనులో అందరికంటే గట్టి కాలున్నవాడికి పెద్ద డ్రమ్ము ఇవ్వాలి. భుజబలం చూసి, లేదా కొత్తవాడు కదా అని దాన్ని మోయిస్తే మొత్తం బ్యాండు దెబ్బతింటుంది.

స్టేజీ మీద చెక్క పలకలుంటాయి. కాలి దెబ్బ పలక గుండా మైకు స్టాండులోకి పాకి స్పీకర్లలో దబ్బుదబ్బుమని వినబడుతుంది. జంపఖానా మడతో రబ్బరు మ్యాటో పాదం కింద వేసుకోండి. కీబోర్డు వాయించేవాళ్లకు కుడి కాలు పెడల్ మీద ఉంటుంది కనుక లెక్క ఎడమ కాలికి అప్పజెప్పాలి. డ్రమ్స్ మీద కూర్చున్నవాళ్లకు రెండు కాళ్లూ వాద్యమే. హై హ్యాట్ పెడల్ మీదున్న ఎడమ కాలే వాళ్ల గడియారం.

ఈ బెల్టుకే చెల్లిన ఇంకో విషయం. ఇస్నాపూర్, పాశమైలారం గదుల్లో బిహారీ, ఒడియా, బెంగాలీ, యూపీ కార్మికులు మన పక్కనే ఉంటారు. వాళ్లలో మంచి డోలక్ చేతులున్నాయి. వినాయక చవితికి, విశ్వకర్మ పూజకి, మార్చి 4 నుంచి జరిగే సేఫ్టీ వారోత్సవాలకి కంపెనీలో పాటల కార్యక్రమం పెడితే వాళ్లూ మనమూ కలిసి వాయిస్తాం. మనకు వాళ్ల పాట రాదు, వాళ్లకు మన పాట రాదు. అయినా కలవడం కష్టం కాదు. వాళ్లు కెహర్వా అనేదానికి ఎనిమిది మాత్రలు, మన ఆది తాళానికి ఎనిమిది. వాళ్ల దాద్రాకి ఆరు, మన తకిట రెండుసార్లు. మాటలతో తంటాలు పడకుండా పాట మొదలయ్యే ముందు ఎదురెదురుగా నిలబడి రెండు ఆవర్తాలు కాలు ఆనించండి. మొదటి మాత్ర ఎక్కడుందో ఇద్దరికీ కుదిరాకే ఎత్తుకోండి. రిహార్సల్‌కి టైము లేని చోట ఇంతకంటే మంచి ఉపాయం నాకు తెలియదు.

ఇప్పుడు చెవుల సంగతి. ప్రెస్ షాపులో, బాయిలర్ పక్కన పనిచేసేవాళ్లకు చెవి భరించగల మోత చాలావరకు షిఫ్టులోనే ఖర్చయిపోతుంది. మన ఫ్యాక్టరీ నిబంధనల్లో ఎనిమిది గంటలకు 90 డెసిబెల్స్ హద్దు. అమెరికాలో వృత్తి ఆరోగ్యం చూసే సంస్థ 85 దగ్గరే ఆగమంటుంది, ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కి సమయం సగానికి తగ్గించమంటుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్ మోతలో పావుగంటే ఉండాలి. డీజే బండి పక్కన, పెద్ద డ్రమ్ము పక్కన గంటలు గంటలు నిలబడేవాళ్లు ఇది ఆలోచించాలి. కంపెనీ ఇచ్చే ఇయర్ ప్లగ్స్ జత బ్యాండు సంచిలోనూ ఉండాలి. ప్లగ్స్ పెట్టుకుంటే బీటు వినబడదని భయపడతారు. కాలు సాధనలో ఉన్నవాడికి ఆ భయం ఉండదు. పెద్ద డ్రమ్ము అదురు అరికాలికి అందుతూనే ఉంటుంది.

అన్నిటికంటే నాకు గట్టిగా చెప్పాలనిపించేది అలసట గురించి. కార్యక్రమానికి ఒప్పుకునే ముందు కళ్లు మూసుకుని, సెకనుకొకటి అనుకుంటూ కాలితో 60 లెక్కపెట్టి టైమర్ చూసుకోండి. బాగా నిద్రపోయిన రోజు మీకు ఎంత వస్తుందో ముందే తెలిసి ఉండాలి. నైట్ షిఫ్టు దిగిన రోజు అదే లెక్క చాలా దూరం పోతే, ఒకసారి ఎక్కువా ఒకసారి తక్కువా వస్తుంటే, మీ ఒళ్లు అలసిపోయిందని అర్థం. ఇది డాక్టరు పరీక్ష కాదు, మనకు మనం పెట్టుకునే గుర్తు. ఆ రోజు బ్యాండులో లయ తప్పితే మాస్టరు తిడతాడు, అంతే. కానీ అర్ధరాత్రి దాకా వాయించి, ముంబై హైవే మీద లారీల మధ్య బండి నడుపుకుంటూ వచ్చి, పొద్దున ఆరింటికి ప్రెస్ ముందు నిలబడితే తప్పేది లయ ఒక్కటే కాదు. ఎ షిఫ్టు ముందురోజు రాత్రి కార్యక్రమం ఒప్పుకోవద్దు. ఎంత ఇస్తామన్నా వద్దు. రాత్రి పదింటి నుంచి ఉదయం ఆరింటి దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లూ వాద్యాలూ మోగించకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. ఈ నిబంధన మనకు రక్షణే. "పదింటికి ఆపేస్తాం" అని బేరం నాడే చెప్పండి.

ముహూర్తాలు పంచాంగంలో ముందే ఉంటాయి. మాస్టరు దగ్గర తేదీలు రెండు నెలల ముందు తీసుకుని, షిఫ్టు మార్పిడి కావాల్సిన రోజులు సూపర్‌వైజర్‌కి ముందుగా చెప్పండి. జ్వరమని అబద్ధం చెప్పి వెళ్తే ఆ రాత్రి బరాత్ వీడియో పొద్దునకల్లా కంపెనీ వాట్సాప్ గ్రూపులో ఉంటుంది. బయట డబ్బు తీసుకుని పనిచేయకూడదనే షరతు అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఉందేమో చదువుకోండి. ఉంటే హెచ్ఆర్ వాళ్లతో మాట్లాడి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. మాస్టరుతో రేటు, అడ్వాన్సు, దారిఖర్చు, వాయించే గంటలు వాట్సాప్‌లో రాయించుకోండి. ఆషాఢంలో, మూఢంలో పెళ్లిళ్లు ఉండవు. డప్పు వాళ్లకు బోనాల పని దొరుకుతుంది కానీ మిగతావాళ్లు ఖాళీ. కాలి సాధనకు ఆ వారాలకు మించిన సమయం లేదు.

చివరిగా బ్యాండు మాస్టర్లకు ఒక విన్నపం. కంపెనీ నుంచి వచ్చే కొత్త పిల్లలకు మొదటి రోజే కోటు తొడిగి లైనులో నిలబెట్టకండి. మొదటి నాలుగైదు ఊరేగింపులు పెద్ద డ్రమ్ము పక్కన ఖాళీ చేతులతో నడిపించండి, అడుగు కలిశాక వాద్యం ఇవ్వండి. ఆ రోజులకు కూడా ఎంతో కొంత కూలి కట్టివ్వండి.